కాజీపేట ప్యాసింజరులో ‘లెట్ గో’: ఆరేళ్ల తరువాత

నాడా సర్ఫ్ అనే రాక్ బృందం వారి ‘లెట్ గో’ ఆల్బమ్‌ను ఆరేళ్లుగా వింటున్నాను. అందులో నాలుగేళ్లు కాజీపేట నుండి జమ్మికుంటకు ఉద్యోగానికి వెళ్లివచ్చే ప్యాసింజరు రైల్లోనే విన్నాను. 1996లో ‘పాపులర్’ అనే ఒక్క పాటతో వెలిగిన ఈ న్యూయార్క్ బృందాన్ని ఎలెక్ట్రా అనే రికార్డు సంస్థ రెండో ఆల్బమ్ దగ్గర వదిలించుకోవడం, వారు దాని హక్కులు తిరిగి తెచ్చుకొని సొంత లేబుల్ మీద అమెరికాలో విడుదల చేసుకోవడం, 2003లో సియాటిల్‌కు చెందిన బార్సుక్ అనే చిన్న సంస్థ ద్వారా అక్కడ ఈ మూడో ఆల్బమ్ రావడం పవర్ పాప్, అంటే గిటార్ల జోరుతో తేలికైన బాణీలు కలిసిన రాక్, వినేవారందరికీ తెలిసిన కథే కనుక అది వదిలేస్తున్నాను. నా పేచీ అంతా ఒక్క పాటతో, ఆ పాటలోని మొదటి సగంతో.

ఆ పాట పేరు ‘ఫ్రూట్ ఫ్లై’. అది ఎంత మెల్లగా మొదలవుతుందంటే, పల్లీలు అమ్మే మనిషి కేక, కిటికీ రెక్కల గడగడ, పక్క పట్టాల మీద రామగుండం వైపు నుండి వచ్చే బొగ్గు గూడ్సు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గాయకుడు మాథ్యూ కాస్ గొంతు వినబడదు. వినబడాలని శబ్దం పెంచితే, కాసేపటికి డ్రమ్ములూ గిటార్లూ లేచి చెవులు అదరగొడతాయి, మళ్లీ తగ్గించుకోవాలి. రోజూ ఇదే తంతు కావడంతో ఆ పాట రాగానే దాటవేయడం అలవాటు చేసుకున్నాను. ఎవరైనా అడిగితే ‘హై-స్పీడ్ సోల్’, ‘ది వే యూ వేర్ యువర్ హెడ్’ వినండి, ఆల్బమ్ అంటే ఆ రెండే అని చెప్పేవాడిని.

ఒక మే నెల సాయంత్రం తిరుగు ప్రయాణంలో మా బండిని హసన్‌పర్తి రోడ్ స్టేషన్‌లో, ఏదో సూపర్‌ఫాస్టుకు దారి ఇవ్వడానికి, అరగంటకు పైగా నిలిపివేశారు. ఉక్క భరించలేక జనం ప్లాట్‌ఫారం మీదికి దిగిపోగా బోగీ దాదాపు ఖాళీ అయింది. ఒడిలో మామిడిపండ్ల సంచి బరువుగా ఉండి, జేబులోని ఫోను తీయడానికి బద్ధకించి, దాటవేయవలసిన పాటను దాటవేయకుండా కూర్చున్నాను. అది దేని గురించిన పాటో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. కొని తెచ్చిన పండ్లను వంటింట్లో సంచిలోనే వదిలేసిన మనిషి, వారం తరువాత వాటి చుట్టూ పుట్టుకొచ్చిన ఈగలను చూస్తాడు. అంతకు మించి కథ లేదు. అప్రయత్నంగా నా సంచిని ఒకసారి తడిమి చూసుకున్నాను. ఇల్లు పట్టని మనిషి తనలో తాను అనుకునే మాట అంతకన్నా గట్టిగా ఉంటే అబద్ధమవుతుంది. ఆ సగాన్ని ఓపికగా విన్నవారికే తరువాతి డ్రమ్ములు దెబ్బలా కాక ఊరటలా తగులుతాయి. మరో హిట్టు పాట లేదని పక్కన పెట్టిన సంస్థకు జవాబుగా ఉరుములాంటి పాటతో మొదలుపెట్టగలిగి ఉండి కూడా, అకూస్టిక్ గిటార్ మీద నడిచే ‘బ్లిజార్డ్ ఆఫ్ ’77’ అనే చిన్న పాటతో వీరు ఎందుకు తిరిగి వచ్చారో కూడా ఆ రోజే బోధపడింది.

నా పాత సిఫారసులను కొంత సవరించుకోవాలి. ‘హై-స్పీడ్ సోల్’ ఇప్పటికీ బాగుంటుంది, కాని వారానికి ఒకసారి చాలు. ‘ట్రెడింగ్ వాటర్’ ఆరేళ్లలో నాకు అంటుకోనే లేదు. ఫ్రెంచిలో పాడిన ‘లా పూర్ సా’ ఒక్క ముక్క అర్థం కాకపోయినా బాణీ కోసం వింటూనే ఉన్నాను.

హనుమకొండ నుండి కరీంనగర్‌కు బస్సు రొదలో తిరిగేవారికి ఈ ఆల్బమ్‌ను చెప్పడానికి ఇప్పటికీ జంకుతాను. నాకు బదిలీ అయి రెండేళ్లయింది. రాత్రి భోజనం తరువాత మేడ మీద కూర్చొని వినే వీలు దొరికింది కనుక, నా మెప్పులో ఆ మేడకూ కొంత వాటా ఉంది. అయితే చివరి పాట ‘పేపర్ బోట్స్’ రైల్లో పుస్తకం చదువుతూ కూర్చున్న మనిషితో మొదలవుతుంది. మేడ మీద అది ఎందుకో సగమే వినబడినట్టు ఉంటుంది. అందుకే మొన్న ఒక ఆదివారం, పనేమీ లేకపోయినా, జమ్మికుంటకు టికెట్ తీసుకున్నాను.