బ్యాటరీ టెర్మినల్ పీకి ఇంజిన్ కంప్యూటర్ రీసెట్ చేసుకోవడం: ఆరేళ్ల వాడకం తర్వాత నా మాట

మార్కులు ముందే చెప్పేస్తా, 5కి 3. ఎందుకో చదవండి.

మాది పర్లాకిమిడి. బండి 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఓడీ 20 రిజిస్ట్రేషన్, కంపెనీ పేరు వద్దులెండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. వారానికి రెండుసార్లు పాతపట్నం మీదుగా టెక్కలి వెళ్లి రావాలి, నెలకోసారి ఆర్.ఉదయగిరి ఘాట్ ఎక్కి మోహనా వెళ్లాలి, అక్కడ మా అత్తారిల్లు. అంటే కింద ఉడికిపోయే ఎండలోనూ తిరుగుతుంది, పైన చల్లగాలిలోనూ తిరుగుతుంది, ఇంజిన్ ఏమాత్రం తేడాగా ఉన్నా ఘాట్‌లో బయటపడిపోతుంది.

మొదటిసారి బ్యాటరీ చచ్చిపోయి కొత్తది వేయించినప్పుడు మొదలైంది కథ. షెడ్డులో పది నిమిషాల్లో మార్చేశారు, నేను సెల్ఫ్ కొట్టి బయల్దేరా, బస్టాండ్ దగ్గర సిగ్నల్ లేకపోయినా బండి ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ చేస్తే ఆర్పీఎం ముల్లు ఒకసారి 600కి పడిపోతుంది ఒకసారి 1500కి లేస్తుంది, జ్వరమొచ్చినవాడి నాడిలాగ కొట్టుకుంటుంది. వెనక్కి తీసుకెళ్తే మేస్త్రి చూసి, "ఆజ్ఞా (ఒడియాలో 'అయ్యా' అన్నట్టు), థ్రాటిల్ బాడీ పోయింది, మార్చాలి" అన్నాడు, అంటే ఇంజిన్‌లోకి గాలి ఎంత వెళ్లాలో చూసే రెక్క ఉన్న భాగం. నిన్నటిదాకా బాగున్నది బ్యాటరీ మారిస్తే ఎలా పోతుంది బాబూ అంటే సమాధానం లేదు. డబ్బు చేతిలో లేక మార్చలేదు, అదే నా అదృష్టం.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఇంజిన్ కంప్యూటర్ రోజూ మన బండిని చూసి కొన్ని లెక్కలు నేర్చుకుంటుంది. థ్రాటిల్‌లో మసి పట్టింది కాబట్టి ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం ఆడుతున్నప్పుడు, రెక్క ఎంత తెరవాలి, పెట్రోల్ ఎంత ఎక్కువ తక్కువ కొట్టాలి, ఇలాంటివి. నా బండిలాంటి పాత మోడల్స్‌లో ఆ లెక్కలు బ్యాటరీ కరెంట్ ఉన్నంతసేపే నిలబడతాయి. టెర్మినల్ తీశామా, పలక తుడిచేసినట్టే. కంపెనీ నుంచి వచ్చిన రోజు లెక్కతో మొదలెడుతుంది, కానీ థ్రాటిల్ మాత్రం కొత్తది కాదు కదా, మసితో ఉంది, అందుకే ఆ తన్నుకులాట.

అప్పట్నుంచి ఈ ఆరేళ్లలో ఓ ఎనిమిది తొమ్మిది సార్లు తీసి పెట్టుంటా, కొన్ని అవసరానికి, కొన్ని ఊరికే దురదకి. పద్ధతి ఇది. ఇంజిన్ ఆపాక రెండు మూడు నిమిషాలు ఆగుతా, ఆపిన వెంటనే కంప్యూటర్ పడుకోదు, దాని పనేదో అది ముగించుకుంటుంది. తర్వాత పది నంబర్ స్పానర్‌తో నెగటివ్ ముందు తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ ముందు తీస్తూ స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులే. తీసి పావుగంట వదిలేస్తా. ఇంకోటి, తాళంచెవి జేబులో పెట్టుకోండి, ఒక అద్దం దించి ఉంచండి. ఒకసారి నేను టెర్మినల్ ఆనించానో లేదో సెంట్రల్ లాక్ టక్కుమని పడిపోయింది, తాళాలు లోపల, నేను బయట బానెట్ ఎత్తుకుని, మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది. స్పేర్ తాళంచెవి మోహనాలో ఉండిపోయింది మరి.

అసలు పని పెట్టిన తర్వాతే, ఇదే ఎవరూ చెయ్యరు. ఏసీ, లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపేసి, స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగేదాకా వదిలేయాలి. తర్వాత ఏసీ వేసి ఓ ఐదు నిమిషాలు. అప్పుడు రోడ్డెక్కి నిదానంగా ఒక పాతిక ముప్పై కిలోమీటర్లు, కొంచెం ఊళ్లో ఆగుతూ, కొంచెం ఖాళీ రోడ్డు. నాకు టెక్కలి వెళ్లొచ్చేసరికి ముల్లు 800 దగ్గర అతుక్కున్నట్టు నిలబడిపోయింది. థ్రాటిల్ బాడీ మార్చలేదు, క్లీనర్ స్ప్రే కొట్టి గుడ్డతో తుడిపించా అంతే, అదీ మరుసటి ఏడాది. ఇది నా బండి సంగతి, మీ బండికి పుస్తకంలో వేరే పద్ధతి రాసుంటే అదే చెయ్యండి.

ఇక రెండు మార్కులు కోసింది ఎందుకంటే. 2021 వానాకాలంలో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, ఘాట్‌లో పికప్ లేదు. టెర్మినల్ తీసి పెట్టా, లైట్ పోయింది, బండి ఏదో కొత్త బండిలా లాగింది, నేనే మెకానిక్‌ని అనుకున్నా. మూడు రోజులకి మళ్లీ వెలిగింది. మళ్లీ తీశా. మళ్లీ వెలిగింది. ఇలా నాలుగుసార్లు. చివరికి విసుగొచ్చి ఆరొందలు పెట్టి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, అంటే ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న తప్పుల కోడ్‌లు ఫోన్‌లో చూపించే బుల్లి పరికరం, ఒకటి తెప్పించి స్టీరింగ్ కింద పోర్ట్‌లో గుచ్చితే ఫోన్‌లో పీ0171 అని చూపించింది. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దానర్థం. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది, కంప్యూటర్ మామూలు కంటే పెట్రోల్ ఎంత శాతం ఎక్కువ తక్కువ కొడుతోందో చెప్పేది, మామూలుగా సున్నాకి అటూ ఇటూ పది లోపు ఉండాలి, నాది ప్లస్ 20 దాటేసింది. చెరిపేసి రోజూ చూస్తూ కూర్చున్నా, మొదటి రోజు 0, తర్వాత 6, తర్వాత 11, అలా మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. అప్పుడు వెలిగింది బుర్రలో బల్బు. నేను చేస్తున్నది జబ్బు తగ్గించడం కాదు, థర్మామీటర్ దులపడం. తర్వాత మేస్త్రితో కూర్చుని వెతికితే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ దగ్గర చిన్న వాక్యూమ్ పైపు పగిలి గాలి పీలుస్తోంది. పైపు ఖరీదు చెప్తే మీరు నవ్వుతారు. మార్చాక ట్రిమ్ 3, 4 మధ్య ఆడుతోంది, ఇప్పటికీ అంతే.

పైగా నేను తీసిన ప్రతిసారీ కోడ్‌తో పాటు ఆ కోడ్ పడినప్పుడు ఆర్పీఎం ఎంత, వేడి ఎంత, స్పీడ్ ఎంత అని దాచుకున్న ఫోటోలాంటి రికార్డ్ కూడా తుడిచిపెట్టేశా. అంటే మెకానిక్‌కి పనికొచ్చే ఒక్క సాక్ష్యాన్నీ నేనే చెరిపేశా. లైట్ వెలిగితే ముందు కోడ్ చదివి ఫోటో తీసుకోండి, ఆ తర్వాత ఏం పీక్కుంటారో పీక్కోండి.

డాంగిల్ గురించి కూడా ఒక ముక్క. మంచిదే, కానీ గుచ్చి వదిలేయకండి, ఆ పోర్ట్‌లో 16వ పిన్‌కి తాళం తీసేసినా కరెంట్ వస్తూనే ఉంటుంది. నేను దసరాకి పది రోజులు బండి పక్కన పెట్టి వచ్చి చూస్తే బ్యాటరీ 11.4 వోల్టులు, సెల్ఫ్ కిటకిట తప్ప తిరగలేదు. ఫుల్ ఛార్జ్‌లో 12.6 ఉండాలి.

కొత్త బండ్లకి ఇదంతా పనిచేస్తుందని అనుకోకండి. మా బావమరిది బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండికి ఇదే వైద్యం చేద్దామని మోహనాలో వాళ్ల పెరట్లో గంటసేపు టెర్మినల్ తీసి కూర్చోబెట్టాం. లైట్ పోలేదు, ఈ మధ్య కంప్యూటర్లు కరెంట్ లేకపోయినా చాలావరకు గుర్తుపెట్టుకుంటున్నాయి. పోయిందేమిటంటే గడియారం టైము, స్టీరియోలో సేవ్ చేసిన స్టేషన్లు, డ్రైవర్ వైపు అద్దం ఒక్క నొక్కుకి ఎక్కడం. అద్దం మాత్రం పూర్తిగా ఎక్కించి స్విచ్ కాసేపు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది. లైట్ సంగతి "నువ్వే చూసుకో బావా" అని బండి నా మీద వదిలేశాడు, వచ్చే వారం నా డాంగిల్ పట్టుకెళ్లాలి.