జాగ్రత్త: పాత సీసపు గుర్రపు రౌతుల లాట్ కొంటున్నారా? ముందు గుర్రం పొట్ట కింద ఫోటో అడగండి

పాత సీసపు సైనికుల బొమ్మలు సేకరించేవాళ్ల కోసం, ముఖ్యంగా విరిగిపోయిన గుర్రపు రౌతుల్ని కొని వాటికి వేరే రూపం ఇచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల చేత తెప్పించుకునేవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చదవండి. నాకు పోయింది 182 పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు 20 వేలు. డబ్బు సంగతి అలా ఉంచండి. విషపు పొడి రాలే ఆ బొమ్మల డబ్బా చిన్నపిల్లలున్న ఇంట్లో ఏడు నెలలు ఉందన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

నేను నాలుగేళ్లుగా ఒకటే పని మీద ఉన్నాను. 1916 జులై 14 సాయంత్రం, మొదటి ప్రపంచ యుద్ధంలోని సోమ్ పోరులో, ఫ్రాన్స్‌లోని హైవుడ్ అనే చిన్న అడవి దగ్గర 20వ డెక్కన్ హార్స్ రౌతులు బల్లేలు పట్టుకుని దాడికి దిగారు. పక్కన ఏడవ డ్రగూన్ గార్డ్స్ అనే బ్రిటిష్ గుర్రపు దళం ఉంది. ఈ రెండు రెజిమెంట్లూ ఉన్న బ్రిగేడ్ పేరు సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. డెక్కన్ హార్స్ మూలాలు మన హైదరాబాద్ నిజాం సైన్యంలోనే ఉన్నాయి. ఇప్పటికీ భారత సైన్యంలో ఆ పేరుతోనే ట్యాంకుల రెజిమెంటుగా కొనసాగుతోంది. దాడికి ముందు కార్నోయ్ లోయలో ఆ రౌతులు ఎదురుచూస్తున్న ఫోటో ఒకటి లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గర ఉంది. తలపాగాలు, నిలువుగా పట్టుకున్న బల్లేలు, తలలు వంచిన గుర్రాలు. ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను, వీళ్లలో పాతికమందినైనా నా చేత్తో చేసి నిలబెట్టాలని.

అందుకు నేను ఎంచుకున్నవి బ్రిటన్స్ కంపెనీ వాళ్ల పాత 54 మిల్లీమీటర్ల బొమ్మలు. 1893లో విలియం బ్రిటన్ డొల్ల పోత పద్ధతి తెచ్చాడు. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచుల దగ్గర గడ్డకట్టగానే మధ్యలో మిగిలినదాన్ని బయటికి ఒంపేస్తారు. పైన పల్చటి పెంకు మిగులుతుంది. లోహం ఆదా, బరువు తక్కువ, ధర తక్కువ. వాళ్లు చేసిన మొట్టమొదటి సెట్టు కూడా గుర్రపు రౌతులే, లైఫ్ గార్డ్స్. 1960ల మధ్యలో సీసపు బొమ్మల తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారి మారి వచ్చినవే.

చెక్కుచెదరని బొమ్మను నేను కోయను. రంగు బాగున్నది, చేతులున్నది, పాతకాలం నుంచి అలాగే వచ్చినది ఏదైనా దాన్ని అలాగే ఉంచాలని నా గట్టి అభిప్రాయం. నాకు కావలసినవి తల పోయినవి, చెయ్యి ఊడినవి, ఎవరో ఇంటి రంగు పూసి పాడుచేసినవి. డొల్ల పోత పెంకు పల్చగా ఉంటుంది కాబట్టి సన్న రంపంతో మెడ దగ్గర సులువుగా తెగుతుంది. తలపాగా మడతలకు ఎంసీల్ కంటే మిల్లీపుట్ అనే ఎపాక్సీ పుట్టీ నయం, ఎంసీల్ మడతల అంచులు నాకు మొద్దుబారిపోతున్నాయి. బల్లేనికి ఇత్తడి తీగ, కళ్లేలకు పల్చటి సీసపు రేకు. జీను పక్కన తుపాకీ తొడుగు విడిగా చేసి అతికిస్తాను. ఒక్కో రౌతుకు నాకు మూడు వారాలు పడుతుంది. ఇలా 11 మంది తయారయ్యారు. మిగతావాళ్ల కోసం వెతుకుతుంటేనే ఈ లాట్, అంటే కలిపి ఒకేసారి అమ్మే బొమ్మల గుంపు, కనిపించింది.

ప్రకటనలో 14 గుర్రపు రౌతులు. ‘ఓల్డ్ లెడ్ కావల్రీ, రిపేరుకు, కన్వర్షన్‌కు పనికొస్తాయి’ అన్నది శీర్షిక. ఒక్కోటి 12 పౌండ్లు. ఫోటోలు మూడే, మూడూ ఒకే వైపు నుంచి తీసినవి. ముందు వరసలో ఐదు బొమ్మలు వెలుతురులో స్పష్టంగా ఉన్నాయి. వెనక తొమ్మిదీ నీడలో ఉన్నాయి. ముందువాటిని చూసి వెనకవి కూడా అలాంటివేనని నేనే అనుకున్నాను. అయినా ఒక మాట అడిగాను, అన్నీ డొల్ల పోతవేనా అని. ‘అవును, అన్నీ పాత డొల్లవే’ అని జవాబు వచ్చింది. పొట్ట కింద ఫోటో అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడితో ఆగేది.

చెల్లింపు దగ్గర రెండో తప్పు జరిగింది. లెస్టర్‌లో ఉంటున్న మా తమ్ముడి చేత కొనిపించాను. పోస్టేజీ 19 పౌండ్లతో కలిపి 187 అయింది. వాడు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద వేస్తే అమ్మేవాడు ఐదు పౌండ్లు తగ్గిస్తానంటున్నాడు, వేసేయనా?’ అని అడిగాడు. ‘వెయ్యరా’ అన్నాను. పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవలో ఆ పద్ధతిలో పంపిన డబ్బుకు కొనుగోలుదారుడి రక్షణ వర్తించదు. స్నేహితుడికి చేబదులు ఇచ్చినట్టు లెక్క. వస్తువు రాకపోయినా, చెప్పింది ఒకటి వచ్చింది ఒకటి అయినా, పేపాల్‌ను అడగడానికి దారి ఉండదు. ఐదు పౌండ్ల కోసం 182 పౌండ్ల మీద హక్కు వదులుకున్నాం.

పార్సిల్ జూన్‌లో తమ్ముడి ఇంటికి చేరింది. ‘తెరవకు, లోపల విరిగే వస్తువులున్నాయి, సంక్రాంతికి వచ్చేటప్పుడు అలాగే పట్టుకురా’ అని నేనే చెప్పాను. మనలో చాలామంది ఇలాగే చేస్తాం. అక్కడివాళ్లకు ఈ బొమ్మల గురించి తెలియదు, వాళ్లు చూసి చేసేదేముంది అనుకుంటాం. కానీ మామూలు పద్ధతిలో, అంటే వస్తువు కొన్నందుకు అని డబ్బు కట్టినా, పేపాల్‌లో ఫిర్యాదు చేయడానికి గడువు డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజులే. మాది డిసెంబరుతో దాటిపోయేది. అంటే నేను డబ్బు సరిగ్గా కట్టించి ఉన్నా డబ్బా తెరిచేనాటికి ఆ తలుపు మూసుకుపోయేదే. మనవాళ్లు వచ్చేది ఏడాదికి ఒకసారి. ఈ గడువులు మన పండగలను చూసి ఆగవు.

భోగి ముందు రోజు రాత్రి డబ్బా తెరిచాం. ఒక్కో బొమ్మకు విడిగా ఏమీ చుట్టలేదు, నలిపిన న్యూస్‌పేపర్ల మధ్య అన్నిటినీ కలిపి పడేశారు. మూడు గుర్రాల కాళ్లు విరిగి అడుగున ఉన్నాయి. నాకు మొదట తెలిసిన తేడా బరువు. ఒకదాన్ని చేతిలోకి తీసుకోగానే చెయ్యి కిందికి దిగింది. డొల్ల పోత బొమ్మ చూపుకు కనిపించేంత బరువుండదు, అలవాటున్న చెయ్యికి వెంటనే తెలుస్తుంది. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే వెనక వరసలో ఉన్న తొమ్మిదీ నా పాత బొమ్మలకు దాదాపు రెట్టింపు తూగాయి. అంటే అవి గట్టి పోతవి, లోపల డొల్ల లేకుండా లోహం నిండినవి. ఎవరో ఒక అసలు బొమ్మ మీద రబ్బరు అచ్చు తీసి, అందులో లోహం పోసి దించిన నకళ్లు.

నకలును గుర్తుపట్టడం నేర్చుకోండి, ఇది కొంచెం వివరంగా చెబుతాను. అచ్చులోంచి అచ్చు తీసినప్పుడు బొమ్మ ఎంతో కొంత చిన్నదవుతుంది, ఎందుకంటే రబ్బరూ కుంచించుకుంటుంది, చల్లారేటప్పుడు లోహమూ కుంచించుకుంటుంది. నా పాత గుర్రం పక్కన పెడితే వీటి వీపు ఎత్తు స్పష్టంగా తక్కువ. వివరాలు కూడా కరిగినట్టు ఉంటాయి. కళ్లెం పట్టీ గుర్రం చెంపలో కలిసిపోయింది, జూలు ముద్దలా ఉంది, రికాబుకూ బూటుకూ మధ్య సందు పూడిపోయింది. బ్రిటన్స్ రౌతుల చెయ్యి ఒక చిన్న మొలక మీద తిరిగేలా విడిగా ఉంటుంది. ఈ నకళ్లలో ఆ మొలక మొద్దుబారి, నా దగ్గర దాచుకున్న అసలు చేతులు ఒక్కటీ పట్టలేదు. అన్నిటికంటే పెద్ద ఆధారం పొట్ట కింద. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇతరులు కాపీ కొట్టడం ఎక్కువయ్యాక కంపెనీ తన పేరును గుర్రం పొట్ట కింద వేయడం మొదలుపెట్టింది, ముందు కాగితం చీటీగా, తర్వాత లోహంలోనే అక్షరాలుగా. నాకు వచ్చిన తొమ్మిదింటిలో ఆరింటికి ఆ చోట ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి. మూడింటికి అక్షరాలు చదవలేనంత మసకగా ఉన్నాయి. అరగదీయడం పొరపాటున జరిగే పని కాదు.

ఎలాగూ కోసి మార్చేవాడివే కదా, నకలైతే ఏం అని మా తమ్ముడే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గట్టి పోత మొండెం బరువుకు ఆ సన్నటి గుర్రం కాళ్లు ఆగవు, అందుకే దారిలోనే మూడు విరిగాయి. నా 11 మంది పక్కన వీళ్లు పొట్టి గుర్రాల మీద పెద్ద తలలవాళ్లలా ఉంటారు, ఒకే ట్రూప్ అంటే ఎవరూ నమ్మరు. పైగా నకలు నకలుగా అమ్మితే దాని ధర వేరు. నకలని రాసి అమ్మేవాళ్ల దగ్గర నేనూ కొన్నాను, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ముందు వరసలోని ఐదు మాత్రం నిజంగా పాతవే. కానీ వాటి పరిస్థితి ఇంకా అధ్వానం. పైన దట్టంగా కొత్త రంగు వేశారు. ఆ రంగు కడుపు దగ్గర, తోక మొదట్లో బొబ్బల్లా లేచింది. చీపురుపుల్లతో తాకితే రాలి, కింద తెల్లటి బూడిద లాంటి పొడి కనిపించింది. సేకర్తలు లెడ్ రాట్ అనేది ఇదే. గాలిలోని ఆమ్లపు ఆవిర్లు, తేమ కలిసి సీసాన్ని లెడ్ కార్బొనేట్‌గా మార్చేస్తాయి. ఓక్ చెక్క, ప్లైవుడ్, ఎండీఎఫ్ పలకలు, నాసిరకం అట్టపెట్టెలు ఆ ఆవిర్లు వదులుతాయి. డొల్ల పోతలో గోడ పల్చన కాబట్టి త్వరగా తినేస్తుంది. ఒక రౌతు మొండెం వేళ్ల మధ్య నొక్కగానే లోపలికి కుంగింది. ఇందులో కొంత ఆ ఏడు నెలల అట్టపెట్టె కాపురం వల్ల కూడా అయి ఉండొచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రంగు కింద పుట్టీతో పూడ్చిన గుంటలున్నాయి. అమ్మినవాళ్లకు తెలియకుండా ఆ పుట్టీ అక్కడికి రాదు.

ఈ పొడి విషం. మా తమ్ముడి చిన్నకూతురికి నాలుగేళ్లు. ఆ డబ్బా వాళ్ల బొమ్మల అలమరలో ఉండేది. ఒకసారి టేపు లాగి ఒక గుర్రాన్ని తీసి ఆడుకుందని మా మరదలు అప్పుడు చెప్పింది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. డాక్టర్‌ను అడిగి పిల్లలిద్దరికీ రక్తంలో సీసం పరీక్ష చేయించాం. దేవుడి దయవల్ల భయపడాల్సిందేమీ లేదన్నారు. దయచేసి పాత సీసపు బొమ్మలున్న ఏ పార్సిల్‌నైనా పిల్లలకు అందని ఎత్తులో పెట్టమని మీవాళ్లకు ముందే చెప్పండి. తెల్ల పొడి కనిపిస్తే పొడిగా తుడవొద్దు, ఊదొద్దు, గరుకు కాగితంతో రుద్దొద్దు. చేతులకు గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డను పారేయండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

అమ్మినవాళ్లకు మరుసటి రోజే ఫోటోలతో సహా రాశాను. ‘నేను పాతవన్నాను కానీ ఫలానా కంపెనీవని ఎక్కడా రాయలేదు, ఏడు నెలల తర్వాత అడిగితే ఎలా’ అని ఒక్క జవాబు వచ్చింది. తర్వాత మౌనం. తిరిగి చూస్తే నిజమే, ప్రకటనలో బ్రిటన్స్ అన్న పేరు లేదు. ‘డొల్లవే’ అన్న మాట మాత్రం సందేశాల్లో ఉంది. కానీ దాన్ని పట్టుకుని పేపాల్‌ను అడిగే దారి మాకు మిగల్లేదు.

కొనబోయేవాళ్లు ఇప్పుడు అడగాల్సినవి చెబుతాను. ప్రతి గుర్రం పొట్ట కింద ఫోటో, రెండో వైపు ఫోటో, ఒక్క బొమ్మైనా త్రాసు మీద పెట్టిన ఫోటో. నకళ్లు ఉన్నాయా, మళ్లీ రంగు వేశారా, రిపేరు చేశారా అని సూటిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మెడలు జాగ్రత్తగా చూడండి, ఊడిన తలను అగ్గిపుల్ల పెట్టి నిలబెట్టడం పాత అలవాటు. చేతికి వచ్చాక అతినీలలోహిత టార్చి వేసి చూస్తే కొత్త రంగులు చాలావరకు పాత ఎనామెల్‌కు భిన్నంగా వెలుగుతాయి, మచ్చలు బయటపడతాయి. ఇవన్నీ చేసినా పార్సిల్ మాత్రం చేరిన రోజే అక్కడే తెరిపించండి. వీడియో కాల్‌లో మీరు చూస్తూ ఉండగా తెరిస్తే పది నిమిషాల పని. మా తమ్ముడికి ఇప్పుడు అదే చెప్పాను. కిందటి నెల వేరొకరి దగ్గర కొన్న రెండు రౌతుల్ని అలాగే చూపించాడు, రెండూ మంచివే.

పాడైన ఐదింటిలో రెండు దక్కుతాయనుకుంటున్నాను. వాటిని గాజు మూత ఉన్న స్టీలు డబ్బాలో మిగతావాటికి దూరంగా పెట్టాను, నెలకోసారి చూస్తున్నాను. నకళ్లు తొమ్మిదింటినీ అమ్మలేదు, అమ్మను. సన్న ఉలితో ఒక్కోదాని పొట్ట కింద, ఆకురాయి గీతల మీదే, ‘నకలు’ అని తెలుగులో చెక్కాను.