గుల్‌మార్గ్ 'గైడెడ్ ఫ్రీరైడ్' ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు నుంచి ఈ చలికాలం కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కు స్కీయింగ్‌కని వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అందులోనూ 'సర్టిఫైడ్ గైడ్‌తో ఆఫ్-పిస్ట్ ఫ్రీరైడ్' అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్యాకేజీకి డబ్బు కట్టబోయేవాళ్లు తప్పకుండా చదవండి. పోయిన ఫిబ్రవరిలో మా బ్యాచ్ ఆరుగురం ఆ ప్యాకేజీ మీదే వెళ్లాం. మనిషికి 64 వేలు. హోటల్‌కు వంక పెట్టలేం, భోజనం బాగుంది, గండోలా (కొండ మీదకు తీసుకెళ్లే కేబుల్ కార్) టికెట్లు టైముకు చేతికొచ్చాయి. గైడ్ మాత్రం రాలేదు. మేం అంత డబ్బు పోసింది ఆ గైడ్ కోసమే.

కొత్తవాళ్లకు విషయం అర్థం కావాలి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మిషన్లతో చదును చేసి, గస్తీ సిబ్బంది కనిపెట్టుకుని ఉండే దారిని పిస్ట్ అంటారు. దాన్ని వదిలేసి ఎవరూ తొక్కని మెత్తటి మంచులో దిగడమే ఆఫ్-పిస్ట్, దాన్నే ఫ్రీరైడ్ అని కూడా అంటారు. గుల్‌మార్గ్ ఊరు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. గండోలా మొదటి దశ కొంగ్‌డోరి దాకా, రెండో దశ అఫర్వత్ కొండ మీదకు, అంటే సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పైన గండోలా చుట్టూ ఉన్న హద్దులో గస్తీ వాళ్ల నిఘా ఉంటుంది, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం తగ్గించే పని జరుగుతుంది. ఆ హద్దు దాటి పక్క లోయల్లోకి దిగితే ఆ పని చేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ వాలు మీద మంచు నిలుస్తుందా, జారుతుందా, ఇవాళ దిగాలా వద్దా అని తేల్చాల్సింది పక్కనున్న గైడే. అతని మీదే ఆరుగురి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఏజెంట్ పేరు రాయను. ఆఫీసు హనుమకొండలోనే. మొదట్లో బొగత జలపాతం, లక్నవరం వన్‌డే ట్రిప్పులు, పాండవుల గుట్టల్లో రాక్ క్లైంబింగ్ నడిపేవాడు. అవి బాగానే చేసేవాడు, అది కాదనను. గైడ్ సర్టిఫికెట్ పంపమని నేను ఒకటికి రెండుసార్లు అడిగాను. "ఏం టెన్షన్ పెట్టుకోకు అన్నా, ఆర్మీ వాళ్ల దగ్గర ట్రైనింగ్ అయినోడు" అన్నాడు. మళ్లీ అడిగితే, "మన నిజామాబాద్ పిల్ల పూర్ణ ఎవరెస్టే ఎక్కింది, మీరు గండోలా ఎక్కి దిగనీకి భయపడ్తరా?" అని నవ్వాడు. 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ తీసుకుంది. ఆ అమ్మాయి పేరు చెప్పుకుని శిక్షణ లేని ట్రిప్పులు అమ్మడం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఒళ్లు మండించింది. చివరికి ఒక సర్టిఫికెట్ ఫోటో వచ్చింది కానీ మసకగా, పేరు దగ్గర వేలు అడ్డం పెట్టి తీసింది.

గుల్‌మార్గ్‌లో మా దగ్గరకు వచ్చింది ఇరవై దాటీ దాటని కుర్రాడు. స్కీయింగ్ అద్భుతంగా చేస్తాడు, మా ఆరుగురినీ కలిపినా అతని కాలిగోటికి సరిపోం. అయితే అతని రోజువారీ పని గోల్ఫ్ కోర్స్ పక్కన ఉండే చిన్న వాలు మీద కొత్తవాళ్లకు నిలబడటం, ఆగటం నేర్పడం. చేతిలో ఉన్నది స్కీ కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్. స్కీయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ వేరు, హద్దు దాటిన మంచుకొండలో మనుషుల్ని నడిపించే గైడ్ వేరు. గైడ్‌కు మంచు పొరలు చదవడం, చరియ కింద పడ్డవాళ్లను వెతికి తీయడం, ప్రథమ చికిత్స, దారి ఎంచుకోవడం రావాలి. ఐఎఫ్ఎమ్‌జీఏ అని ప్రపంచమంతా గుర్తించే మౌంటెన్ గైడ్ అర్హత ఒకటి ఉంది. అది సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. అది లేనివాళ్లంతా పనికిరారని అనను, ఆ కొండల్లో ఏళ్ల తరబడి తిరిగి, అవలాంచ్ (మంచు చరియ) రెస్క్యూ శిక్షణ తీసుకున్న కశ్మీరీ గైడ్లు ఉన్నారు. మాకు దొరికింది వాళ్లలో ఒకరు కాదు. కుర్రాడి మీద నాకు కోపం లేదు. "టూరిస్టులను తిప్పి ఫోటోలు తీయాలి" అని చెప్పి రోజుకూలీకి పిలిచారట, పాపం దాచకుండా చెప్పేశాడు.

ఇక సామాన్ల సంగతి. 'ఫుల్ సేఫ్టీ కిట్' అని పోస్టర్‌లో ఉంది. ఆఫ్-పిస్ట్‌లో సేఫ్టీ కిట్ అంటే ప్రతి మనిషి ఒంటి మీదా ఒక బీకన్, బ్యాగులో లోహపు పార, మడిచి పెట్టుకునే ప్రోబ్ కర్ర. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది. ఎవరైనా మంచు కింద పడితే మిగతావాళ్లు తమ బీకన్లను సెర్చ్‌లో పెట్టి వెతుకుతారు, ప్రోబ్‌తో పొడిచి చోటు ఖాయం చేసుకుంటారు, పారతో తవ్వుతారు. మాకు ఇచ్చినవి హెల్మెట్లు, కళ్లద్దాలు. బీకన్ ఆ కుర్రాడి దగ్గర ఒక్కటే ఉంది. ఊళ్లో ఒక్కడి దగ్గరే ఫోన్ ఉంటే వాడు ఎవరికి కాల్ చేస్తాడు? పైగా ఆ ఒక్కదాన్నీ అతను మొబైల్‌తో కలిపి ఒకే జేబులో పెట్టుకున్నాడు. బీకన్ ట్రాన్స్‌మిట్‌లో ఉన్నప్పుడు ఫోన్లాంటి వస్తువులు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి, లేకపోతే సంకేతం చెడిపోతుంది. పార అడిగితే హోటల్ ముందు మంచు ఎత్తే ప్లాస్టిక్ పార చూపించారు. జారి ఆగిన మంచు క్షణాల్లో గట్టిపడుతుంది, దాని మీద ప్లాస్టిక్ విరిగి ముక్కలవుతుంది.

ఇది చాదస్తం అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. మంచు కింద పూర్తిగా పూడుకుపోయిన మనిషిని పదిహేను నిమిషాల్లోపు బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటితే అది మూడో వంతు దగ్గరకు పడిపోతుంది. కింద ఊళ్లోంచి రెస్క్యూ టీమ్ వచ్చేసరికి ఆ సమయం కాస్తా అయిపోతుంది. కాపాడగలిగేది పక్కనున్న స్నేహితులే, అదీ వాళ్ల చేతిలో సామాను ఉండి, వాడటం వస్తే. స్కీయర్లను ముంచేసే చరియల్లో ఎక్కువ భాగం ఆ స్కీయర్లో, వాళ్ల జట్టులో మరొకరో కదిలించినవే.

అసలు గొడవ మంచు బాగా పడిన రాత్రి తర్వాత మొదలైంది. పొద్దున రెండో దశ గండోలా ఆపేశారు. భారీ మంచు తర్వాత ఆపడం అక్కడ మామూలే. ఏజెంట్ మాత్రం కుర్రాడికి ఫోన్ మీద ఫోన్: మొదటి దశ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి హద్దు బయటకు నడిపించి పౌడర్‌లో (కొత్తగా పడ్డ మెత్తటి మంచులో) దించెయ్యి, రోజు వేస్ట్ కావద్దు అని. ఆ వాలు ఎన్ని డిగ్రీలుంటుందని కుర్రాణ్ని అడిగాను. "బాగానే నిటారు" అన్నాడు. 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులే చరియలకు పుట్టిల్లు. కొత్త మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు మరీ ప్రమాదం, గాలి తెచ్చి పోసిన వైపు ఇంకా ఎక్కువ. ఇవాళ్టి అవలాంచ్ హెచ్చరిక ఏ స్థాయి అని అడిగితే తెలియదన్నాడు. డీఆర్‌డీవో కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్ఈ అనే సంస్థ ఈ హెచ్చరికలు ఇస్తుంది, పేపర్లలో కూడా వస్తాయి. అంతర్జాతీయంగా ఇలాంటి ప్రమాదానికి ఐదు స్థాయిలుంటాయి. 'మూడే కదా, మధ్యస్థం' అనుకునేరు, ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ మూడులోనే.

మేం దిగలేదు. మాలో ఇద్దరికి దిగాలని ఉంది, కాసేపు వాదన కూడా అయింది. 2023 ఫిబ్రవరి 1న ఇదే అఫర్వత్ మీద హపత్‌ఖుడ్ దగ్గర చరియ పడి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు, స్థానిక గైడ్లతో సహా ఇరవై మంది దాకా బయటపడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. వాళ్లేమీ మనలాగా మంచు ముఖం చూడనివాళ్లు కాదు. ఫోన్‌లో ఆ వార్తలు చూపించాక వాదన ఆగిపోయింది. మిగిలిన రోజులు కొంగ్‌డోరి వాలుల మీదే గడిపాం. మా తమ్ముడి స్నోబోర్డు కథ వేరే, చదునుగా ఉన్నచోట బోర్డు కదలదని కూడా కుర్రాడికి తట్టలేదు, వాడు బోర్డు మోసుకుంటూ చాలాసేపు నడిచాడు.

తిరిగొచ్చాక గైడ్ డబ్బులు వెనక్కి అడిగితే "కొండ మూసేస్తే నా తప్పా?" అన్నాడు ఏజెంట్. నా ఉద్దేశంలో అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ప్రమాదం వల్ల రోజు రద్దయితే రిఫండ్ లేదు అని రాసుకున్న ప్యాకేజీలో, దిగొద్దని చెప్పే గైడ్ ఏజెంట్‌కు నష్టం. కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ ఒక్క షరతు చదవండి. కొండ మూసేసినా, గైడ్ వద్దన్నా ఏం చేస్తారు? బీకన్ ప్రాక్టీస్‌కు, లేదా హద్దులోపల కోచింగ్‌కు ఆ రోజును వాడతామని రాసిచ్చేవాడు పని తెలిసినవాడు. గైడ్ పేరు, అర్హత, ఒక్కో గైడ్‌కు ఎంతమంది, ఎవరి సామాను ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ మెసేజ్‌లో కాదు, బిల్లు మీద అడగండి. మా డబ్బు ఒక వ్యక్తి యూపీఐ నంబర్‌కు వెళ్లింది, జీఎస్‌టీ బిల్లు ఇంతవరకు రాలేదు. 'ఇన్సూరెన్స్ ఉంది' అన్నది కూడా ప్రయాణ ప్రమాద బీమానే, షరతుల్లో మంచు క్రీడలు వర్తించవని స్పష్టంగా ఉంది.

ఇంకో చిన్న సంగతి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఆరుగురిలో ఒక్కరి ఫోనే మోగే పరిస్థితిలో కొండ ఎక్కొద్దు.

స్కీయింగ్ ఇంకా రానివాళ్లకైతే ఫ్రీరైడ్ మాటే వద్దు. గుల్‌మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ కింద ఐఐఎస్ఎమ్ అనే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, పహల్‌గాంలో జవహర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరిట ఉన్న పర్వతారోహణ సంస్థ ఉంది. ఈ సంస్థలు స్కీ కోర్సులు నడుపుతాయి.

మేం ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సేవకు కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

అదే పోస్టర్ జనవరి బ్యాచ్‌కు మళ్లీ తిరుగుతోంది. ఎర్ర జాకెట్‌తో గాల్లో ఎగురుతున్న మనిషి వెనకాల బోర్డు మీద జర్మన్ అక్షరాలున్నాయి, పెద్దది చేసి చూడండి, అది గుల్‌మార్గ్ ఫోటోలా లేదు. నిట్ పిల్లలు చాలామంది అడ్వాన్స్ కట్టారని విన్నాను. రెండో వాయిదా ఇంకా కట్టనివాళ్లు గైడ్ పేరు రాతలో వచ్చేదాకా ఆపండి. మా చాట్‌లు, రసీదులు, బీమా కాగితం కాపీలు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.