గ్రాఫానాలో నేను రోజూ చూసేది ఒక్క ప్యానెలే

కంప్యూటర్ల లెక్కలను తెర మీద బొమ్మలుగా చూపే సాఫ్ట్‌వేర్ గ్రాఫానా. దాన్ని ఎలా పెట్టుకోవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ నెట్‌వర్క్ చూసుకుంటూ దీన్ని ఏళ్ల తరబడి వాడాను. ఇందులో నేను మెచ్చుకునేది హీట్‌మ్యాప్, అంటే అంకెలను రంగుల గడులుగా చూపే ప్యానెల్, ఒక్కటే. మిగిలిన గీతలు, గుండ్రటి మీటర్లు తనిఖీకి వచ్చిన పెద్దలకు చూపించడానికి పనికొస్తాయి.

మా దగ్గర నెట్‌వర్క్ మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్ జీక్ ప్రతి కనెక్షన్‌నూ లాగ్‌లో రాస్తుంది: ఎవరు, ఎవరితో, ఏ పోర్టులో, ఎన్ని బైట్లు. దాని నుంచి పరికరానికో వరుస, గంటకో గడి చొప్పున బొమ్మ తయారవుతుంది. ఆ గంటలో పరికరం ఎన్ని వేర్వేరు చిరునామాలకు వెళ్లిందో దాన్నిబట్టి గడి రంగు ముదురుతుంది. రాత్రి కాలేజీకి తాళం పడ్డాక అన్ని వరుసలూ వెలవెలబోతాయి.

ఒక వానాకాలం పొద్దున చూస్తే ఒక్క వరుస రాత్రంతా ముదురుగా ఉంది. అది సీసీ కెమెరాల రికార్డర్. ట్రాఫిక్ పెరిగితే మోగే అలారం మోగనే లేదు. ఎందుకు మోగుతుంది? జవాబు రాని కనెక్షన్ ప్రయత్నానికి పట్టేది కొన్ని పదుల బైట్లు. బైట్ల గ్రాఫులో ఆ రికార్డర్ బుద్ధిమంతుడే. చిరునామాలు లెక్కపెడితేనే దొంగ దొరికాడు. వెళ్తున్నవన్నీ 23వ పోర్టుకు, అంటే దూరం నుంచి పరికరాల్లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌కు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్లతో కెమెరాలను, రౌటర్లను పట్టుకున్నది ఈ దారినే.

రికార్డర్ బిగించినవారికి ఫోన్ చేస్తే, "ఒకసారి ఆపి మళ్లీ వేయండి సార్, సరిపోతుంది" అన్నారు. సరిపోదని తెర మీదే ఉంది. ఆ ముదురు వరుస మధ్యలో రెండు గడులు ఖాళీ. వాచ్‌మన్‌ను అడిగితే, వానకు ఆ వేళప్పుడు కరెంటు పోయిందన్నాడు. రికార్డర్‌కు యూపీఎస్ లేదు. కరెంటు వచ్చాక ఒక గడి లేతగా ఉంది, ఆ తర్వాత మళ్లీ ముదురు. ఈ జాతి మాల్‌వేర్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి కరెంటు తీస్తే పోతుంది, పాస్‌వర్డ్ మార్చకపోతే తిరిగి వచ్చి కూర్చుంటుంది. అది పోవడం, రావడం రెండూ అక్కడే కనిపించాయి. యాజమాన్యం ఫోనులో కెమెరాలు చూసుకోవడానికి బయటికి తెరిచిన దారి మూసేసి, పాస్‌వర్డ్ మార్చి, కెమెరాలన్నిటినీ వేరే వీలాన్‌లో, అంటే మిగతావాటి నుంచి విడదీసిన నెట్‌వర్క్ భాగంలో, పెట్టాం. ఫోనులో కెమెరాలు ఎందుకు రావడం లేదని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఇంత పొగిడాక చెప్పక తప్పనిది ఒకటుంది. ఇదే బొమ్మను నెల మొత్తానికి తెరిస్తే ఒక్కో గడిలో చాలా గంటలు కలిసిపోతాయి. సగటు తీస్తే రెండు గంటల అల్లరి పగటి పాఠాల మధ్య కరిగిపోతుంది. గరిష్ఠం తీస్తే ప్రాక్టికల్స్ జరిగిన రోజులన్నీ నేరస్థుల్లా కనిపిస్తాయి. చివరికి రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాను. పైగా మేము జీక్‌కు చూపించేది ఇంటర్నెట్‌కు వెళ్లే దారిని మాత్రమే. ల్యాబ్‌లో ఒకే స్విచ్ మీదున్న రెండు కంప్యూటర్లు గుసగుసలాడుకుంటే దానికి తెలియదు. రంగుల సంగతీ ఉంది. మా ల్యాబ్ సహాయకుడికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. విరిడిస్ రంగుల వరుసకు మార్చాకే అతనికి బొమ్మ అర్థమైంది.

మా చోట ఇది ఇంత బాగా పనిచేయడానికి కారణం రాత్రి ఎవరూ లేకపోవడమేమో. 24 గంటలూ నడిచే ఆసుపత్రిలో ఆ రికార్డర్ వరుస నా కంట పడేదని గట్టిగా అనలేను. మాకు ఖాళీగా పడి ఉన్న పాత సర్వర్ ఉంది, లినక్స్‌తో కుస్తీ పట్టే ఓపిక నాకుంది. ఆ రెండూ లేని పది కంప్యూటర్ల బడికి దీన్ని పెట్టుకోమని నేనైతే చెప్పను.