గడువు దాటిన సరుకుతో బీరు కాయడం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఇంట్లో బీరు కాసేవాళ్ల అర తెరిస్తే ఎక్కువగా కనిపించేవి మిగుళ్లే. సగం వాడి మడతపెట్టిన హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) పొట్లం, ఎప్పుడో తెచ్చి మరిచిపోయిన ఈస్ట్ పాకెట్, సంచి అడుగున మిగిలిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ). పారేయడానికి మనసొప్పదు, వాడితే ఇరవై లీటర్లు పాడవుతాయేమోనని భయం. ఎనిమిదేళ్లుగా వీటిని పారేయకుండా వాడుతూ, ప్రతిసారీ ఏమైందో నోటుబుక్కులో రాసుకుంటూ వస్తున్నాను. ఇన్నాళ్లకు నాకు తేలింది ఒకటే. పాకెట్ మీద అచ్చువేసిన తేదీ కన్నా, దాన్ని ఎప్పుడు తెరిచాం, ఎక్కడ పెట్టాం అన్నదే ముఖ్యం. దీనికి ఈస్ట్ ఒక్కటీ పూర్తిగా లొంగదు. అది ప్రాణమున్న సరుకు.

అందుకే ముందు ఈస్ట్ గురించి చెప్తాను, నాకు అసలు దెబ్బ తగిలింది అక్కడే. మూడో ఏట, గడువు తీరి రెండేళ్లయిన పొడి ఈస్ట్ పాకెట్ ఒకటి దొరికింది. ఫ్రిజ్‌లో పెట్టలేదు, పొయ్యి పక్కన అరలోనే ఉండిపోయింది. పరీక్షించకుండా నేరుగా వోర్ట్ మీద, అంటే పులియబెట్టబోయే తియ్యటి మాల్ట్ నీళ్ల మీద చల్లేశాను. నురుగు కట్టడానికి రెండు రోజులు పట్టింది. హైడ్రోమీటర్‌తో చూస్తే గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ దిగుతుంది) 1.024 దగ్గర ఆగిపోయింది. ఆ బీరు 1.012 దాకా దిగాలి. వారం చూసి, ఇక కదలదనుకుని చక్కెర కలిపి సీసాల్లోకి ఎత్తేశాను. మూడు వారాలకు అర్ధరాత్రి ఒక సీసా పగిలింది, తెల్లారేలోపు ఇంకో రెండు.

లెక్క తర్వాత వేసుకున్నాను. గ్రావిటీ ఒక్క పాయింటు (0.001) దిగితే, బీరు పరిమాణానికి దాదాపు సగం కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. పన్నెండు పాయింట్లంటే ఆరు రెట్లు. మామూలు బీరులో ఉండేది రెండున్నర రెట్లు. ఆ మూడు పగిలినప్పుడు గదిలో ఎవరూ లేకపోవడం అదృష్టం. అలసిపోయిన ఈస్ట్ చావదు, నెమ్మదిస్తుంది, సీసాలో మళ్లీ మేలుకుంటుంది. పాత ఈస్ట్‌తో కాసిన బీరు గ్రావిటీ కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చూసినా ఒకే అంకె రావాలి, ఆ అంకె మీరు అనుకున్నదానికి దగ్గరగానూ ఉండాలి. రెండూ కుదరకపోతే సీసాల జోలికి పోవద్దు. తాజా ఈస్ట్ వేసి ముగించనివ్వండి.

ఇప్పుడు నా పద్ధతి ఇది. లీటరు నీళ్లలో 100 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని ఆరబెట్టిన పొడి) కరిగించి, మరిగించి, చల్లార్చి, కాచే రోజుకు ఒకటి రెండు రోజుల ముందే ఈస్ట్‌ను అందులో వేస్తాను. నురుగు కట్టి, అడుగున మీగడలాంటి పొర పేరుకుంటే వాడతాను. పుల్లటి వాసనో, కుళ్లు వాసనో వస్తే పారేస్తాను. ద్రవ ఈస్ట్‌కు ఈ మెట్టు తప్పనిసరి, అది నెలనెలా బలం కోల్పోతుంది. ఫ్రిజ్‌లో విప్పకుండా ఉన్న పొడి ఈస్ట్ మాత్రం గడువు దాటి ఏడాదైనా నన్ను మోసం చెయ్యలేదు. అయినా పరీక్ష మానను. చచ్చిన పాకెట్ కూడా వృథా కాదు. మరుగుతున్న వోర్ట్‌లో వేస్తే కొత్త ఈస్ట్‌కు పోషకమవుతుంది.

హాప్స్ దగ్గర కథ వేరు. వాటికి శత్రువులు గాలి, వేడి. నిల్వ ఉష్ణోగ్రత 15 డిగ్రీలు తగ్గితే, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు పోయే వేగం సుమారు సగమవుతుందన్నది చాలామంది వాడే లెక్క. గాలి తీసేసిన పొట్లంలో, ఫ్రీజర్‌లో నాలుగేళ్లున్న హాప్స్‌ను చేదు కోసం వేశాను, పది పదిహేను శాతం ఎక్కువ తూచి. తాగినవాళ్లెవరూ తేడా పట్టలేదు. ఆల్ఫా తగ్గినా బీటా ఆమ్లాలు ఆక్సీకరణం చెంది కొంత చేదునిస్తాయి, కాబట్టి అనుకున్నంత నష్టం ఉండదు. వాసన కోసమైతే పాత హాప్స్ వాడొద్దు. ముందు పోయేది వాసననిచ్చే నూనెలే. పొట్లం విప్పగానే పాత జున్ను వాసనో, చెమట పట్టిన మేజోళ్ల వాసనో వస్తే అది ఐసోవాలెరిక్ ఆమ్లం. అలాంటిదాన్ని చివర్లో వేసి ఒక లేత రంగు బీరును నేనే పాడుచేసుకున్నాను.

బెల్జియంలో లాంబిక్ అనే పుల్లటి బీరు కాసేవాళ్లు ఏళ్ల తరబడి మాగబెట్టిన హాప్స్‌నే కావాలని వాడతారని ఎవరో ఒకరు అంటారు. నిజమే. వాళ్లకు చేదు అక్కర్లేదు, బాక్టీరియాను అదుపులో పెట్టే గుణం కావాలి. పైగా గంటల తరబడి మరిగించి, పీపాల్లో ఏళ్లకు ఏళ్లు ఉంచుతారు. మూడు వారాల్లో తాగేసే పేల్ ఏల్‌లాంటి లేత రంగు బీరుకు ఆ వాదన పనికిరాదు.

మాల్ట్ నాకు అన్నిటికన్నా నమ్మకమైన నేస్తం. పిండి పట్టించనిది, గాలి చొరబడని డబ్బాలో రెండేళ్లున్నా, పులియకముందు గ్రావిటీ మామూలుగా 1.050 వచ్చే చోట నాకు 1.047 వచ్చింది, అంతే. నాలుగు గింజలు నమిలి చూడండి. కరకరలాడుతూ తియ్యగా ఉంటే బాగున్నట్టే. మెత్తబడి, ముక్కిన వాసన వస్తే వద్దు. మరపట్టించినదైతే నెల రెండు నెలల్లో వాడెయ్యాలి. ఆరు నెలలున్నదాంతో కాస్తే తడి అట్టపెట్టె రుచి వచ్చింది. బూజు కనిపిస్తే మాత్రం బేరం లేదు, సంచంతా పారేయాలి. బూజు వదిలే విషాలు మరిగించినా పోవు.

చిక్కటి పాకంలా ఉండే ద్రవ ఎక్స్‌ట్రాక్ట్‌కు నా మార్కులు తక్కువ. ఏడాది దాటాక రంగు ముదిరి, ఏ బీరు కాసినా అదే పాతవాసన రుచి. స్టౌట్‌లాంటి నల్లటివాటిలో కొంత దాగుతుంది. పొడి ఎక్స్‌ట్రాక్ట్ గాలిలో తేమ పీల్చి బండరాయిలా గడ్డకట్టినా, సుత్తితో పగలగొట్టి వేడినీళ్లలో కరిగిస్తే బాగానే ఉంటుంది. చక్కెర, నీళ్లలో కలిపే జిప్సం గురించి ఆలోచించనక్కర్లేదు.

చాలామంది తేదీ చూడని సరుకు ఇంకొకటి, శుభ్రం చేసే మందు. కలిపిపెట్టిన ఆమ్లపు శానిటైజర్ పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, పెరిగితే ఆమ్లం తగ్గినట్టు) 3 దాటితే పని చెయ్యదు. బ్లీచ్ ద్రావణం సీసాలో ఉండగానే నెలనెలా బలహీనమవుతుంది. అయోడిన్ ద్రావణం రంగు వెలిసిందంటే అయిపోయినట్టే. పాత హాప్స్ బీరుకు రుచి తగ్గిస్తాయి, పాత శానిటైజర్ మొత్తం పులుపెక్కిస్తుంది. నాకు వరసగా రెండు కాపులు పుల్లబడింది అందుకే. ఆ తప్పు ఈస్ట్ మీద తోశాను, నెలల తర్వాత పీహెచ్ పట్టీ ముంచితే గానీ అసలు సంగతి తెలియలేదు.

ఇప్పుడు ప్రతి పొట్లం మీదా తెరిచిన తేదీ నేనే రాస్తున్నాను. ఫ్రీజర్‌లో ఐదేళ్ల నాటి చేదు హాప్స్ పొట్లం ఒకటి మిగిలి ఉంది. వచ్చే వారం స్టౌట్‌కు అదే వేస్తాను, ఈస్ట్ మాత్రం కొత్తది.