షుగర్ ఉన్నవాళ్లూ జాగ్రత్త: నడక బదులు మెషిన్ అంటే నమ్మకండి (తిరుపతి)

"నడవక్కర్లేదు, దీనిమీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటే కొలెస్ట్రాల్ కరిగిపోతుంది" అంటూ ఒక మెషిన్ అమ్ముతున్నారు. మా వీధి దగ్గర కల్యాణమండపంలో ఉచిత షుగర్ క్యాంపు అని పిలిచి అంటగట్టారు. రూ.14,500 పోసి కొన్నాను. మీరు కొనకండి.

నాకు పదకొండేళ్లుగా షుగర్. రోజూ పొద్దున్నే యూనివర్సిటీ రోడ్డులో నలభై నిమిషాలు నడిచేవాణ్ణి. మోకాలు వాచి నాలుగు నెలలు ఇంట్లోనే కూర్చున్నాను. మాత్రలు మానలేదు, తిండీ పెంచలేదు. అయినా ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 168 నుంచి 312కి ఎక్కాయి, మంచి కొలెస్ట్రాల్ 41 నుంచి 35కి పడింది. ఆ టెన్షన్‌లోనే వీళ్ల మాట విన్నాను.

వాళ్లు చూపించిన రుజువు, పేరు కొట్టేసిన రెండు రిపోర్టులు. ట్రైగ్లిజరైడ్లు ముందు 290, వాడాక 170. ఫోన్‌లో తీసుకున్న ఆ ఫొటోను తర్వాత పెద్దది చేసి చూశాను. మొదటిసారి రక్తం తీసింది మధ్యాహ్నం 2:40కి, రెండోసారి ఉదయం 7:15కి. అన్నం తిన్నాక ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, పరగడుపున తగ్గుతాయి. మెషిన్ ఏదీ లేకుండానే ఆ తేడా రావచ్చు. ఎవరు రిపోర్టు చూపించినా ముందు ఆ టైము చూడండి.

రెండు నెలలు రోజూ అరగంట వాడాను. పాదాలు జివ్వుమనేవి, అంతే. పరగడుపున పరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు 318. డాక్టరుగారు నా పిక్క పట్టుకుని, "కదిలేది మెషిన్, మీ కండ కాదు" అన్నారు. కండ పనిచేస్తే అందులో లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ చురుగ్గా ఉండి, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కండకు అందిస్తుందట. గంటల తరబడి కూర్చుంటే అది మందగిస్తుంది. పైగా షుగర్‌లో ఇన్సులిన్ సరిగా పనిచేయక కాలేయం కొవ్వును ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. మనకు రెండు వైపులా దెబ్బ.

మొక్కు ఉందని ఒకేసారి అలిపిరి 3,550 మెట్లు ఎక్కుదామనుకున్నాను. డాక్టరుగారు వద్దని, భోంచేశాక పది నిమిషాల నడకతో మొదలుపెట్టించారు. మూడు నెలలకు ట్రైగ్లిజరైడ్లు 196కి దిగాయి. మంచి కొలెస్ట్రాల్ 37 దాకానే వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ నడకతో పెద్దగా తగ్గదు, అందుకే దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర ఆపలేదు. నడక ఫలితం రెండు మూడు రోజులే నిలుస్తుంది కాబట్టి వరసగా రెండు రోజులకు మించి మానొద్దన్నారు.

ఇంకో మాట, ఆ మెషిన్‌లో వేడి పెట్టే బటన్ ఉంది. పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు, అది పుండైతే త్వరగా మానదు. ఇంట్లో ఉంటే ఆ బటన్ ముట్టుకోకండి.

వాళ్లిచ్చింది జీఎస్టీ నంబరు లేని తెల్లచీటీ. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరూ కొని ఉంటే ఆ చీటీ, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ పారేయకుండా ఉంచి, ఫిర్యాదు పెట్టండి.