గుంతల దారిలో పాత డస్టర్: నాలుగేళ్ల వాడకం తరువాత

పెద్దాపురం నుంచి రాజానగరం వైపు రోజూ వెళ్లివచ్చేవారికి ఎ.డి.బి. రోడ్డు గురించి వేరే చెప్పనక్కరలేదు. కాకినాడ రేవుకు సరుకు మోసే లారీల బరువుకు ఆ దారి ప్రతి వర్షాకాలంలోనూ గుల్లబారుతుంది. నిన్న లేని గుంత ఇవాళ ఉంటుంది, అందులో నీళ్లు నిలిచాయంటే చక్రం దిగితే తప్ప లోతు తెలియదు. ఆ దారిలో రానుపోను అరవై కిలోమీటర్ల పైచిలుకు ఉద్యోగానికి తిరిగే నేను 2021 ఆగస్టులో నాలుగు లక్షల డెబ్బై వేలు పెట్టి ఒక పాత రెనో డస్టర్ కొన్నాను. అది 2015 నాటి 85 పీఎస్ డీజిల్ బండి. అప్పటికి 64 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు రీడింగు 1,51,000 దాటింది. పొడవు వెడల్పులు, సీసీలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా దాని సస్పెన్షన్ గురించి, అంటే గుంతల కుదుపును మనదాకా రానివ్వకుండా మింగే ఏర్పాటు గురించి.

అంతకుముందు నా దగ్గర ఒక చిన్న కారు ఉండేది. మధ్యాహ్న భోజనం కారేజీలో పట్టుకెళ్లే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. ఆ కారులో కారేజీని వెనక సీటు కింద ఇరికించినా, పాత తువ్వాలు చుట్టి పెట్టినా, రంగంపేట దాటేసరికి పప్పుచారు మూత సందుల్లోంచి కారి తువ్వాలంతా పసుపుపచ్చగా అయ్యేది. డస్టర్ కొన్న మొదటి సోమవారం అలవాటు ప్రకారం అదే తువ్వాలు చుట్టి పెట్టుకుని వెళ్లాను. దారిలో ఒక కల్వర్టు దగ్గర గుంత కనబడింది గాని, ఎదురుగా లారీ వస్తూండడంతో తప్పించే వీలు లేక యాభై వేగంతోనే అందులోకి దిగిపోయాను. పాత కారులో అయితే ‘దడేల్’ మని వెన్నెముక దాకా తగిలేది. ఈ బండిలో కింద ఎక్కడో మూటను నేలమీద దింపినట్టు ‘దుప్’ మన్న చప్పుడు మాత్రం వినబడింది, స్టీరింగు చేతిలో కదలలేదు. కాలేజీకి వెళ్లాక కారేజీ విప్పి చూస్తే తువ్వాలు పొడిగా ఉంది. ఆ రోజు భోజనాల గదిలో తోటి ఉపాధ్యాయులకు ఆ తువ్వాలు చూపించి మరీ చెప్పాను. నా భార్య ఇప్పటికీ దాన్ని గుర్తుచేసి నవ్వుతుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఈ బండి బాడీ, ఛాసిస్ కలిసి ఒకే ముక్కగా ఉండే తరహాది, అందువల్ల లారీ తరహా ఫ్రేము మీద కూర్చున్న జీపుల్లో ఉండే ఊపు దీనిలో ఉండదు. టైరు 215/65 ఆర్16 కావడంతో రిమ్ముకూ రోడ్డుకూ మధ్య రబ్బరు మందంగా ఉంటుంది, పైగా స్ప్రింగులు కిందికీ పైకీ బాగా ప్రయాణిస్తాయి. ఇప్పుడు ఎస్‌యూవీ అని అమ్మే చాలా బళ్లకు పదిహేడు, పద్దెనిమిది అంగుళాల అల్లాయ్ చక్రాలకు పలచని టైర్లు తొడుగుతున్నారు. చూడ్డానికి బాగుంటాయి గాని మా దారిలో అవి ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పలేను. అయితే ఒక సవరణ చేయాలి. ఈ గుణమంతా నలభై పైన వేగంలోనే కనబడుతుంది. పది పదిహేను వేగంతో ఊరి సందుల్లో స్పీడ్‌బ్రేకర్ల మీదుగా వెళ్లేటప్పుడు బండి కాస్త బిరుసుగానే ఉంటుంది. మొదటి ఏడాది నేను అందరికీ చేసిన వర్ణనలో ఈ ముక్క లేదు, ఎందుకంటే నా ప్రయాణంలో ఊరి సందులు తక్కువ.

ఎంపిక సంగతికి వస్తే, ఏ కంపెనీ బండి అన్నదానికంటే ఆ బండి ఎక్కడ బతికింది అన్నదే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. ముందు హైదరాబాదులో చూశాను. 2020 అక్టోబరు వరదల్లో అక్కడ వేల బళ్లు నీట మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. తళతళలాడే ఒక బండి నాకు బాగా నచ్చింది గాని, వెంట వచ్చిన మా బావమరిది డ్రైవరు సీటు బెల్టును చివరికంటా లాగి చూపించాడు. రోజూ బయటికి వచ్చే భాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మీద మట్టి చార ఆరిపోయి గీతలా ఉంది. స్టెప్నీ కింద తివాచీ ఎత్తితే బోల్టులకు తుప్పు కనబడింది. అమ్మేవారు దాని గురించి ఏమీ మాట్లాడలేదు, మేమూ అడగకుండా బయటికి వచ్చేశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన తరువాత విజయవాడ బళ్ల విషయంలోనూ ఇదే పరీక్ష చేయాలని నన్ను అడిగినవారికల్లా చెబుతున్నాను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదన్న అప్పటి నిబంధన వల్ల అక్కడినుంచి చవగ్గా వచ్చిన బళ్లు కూడా రెండు చూశాను. కాని అక్కడి రవాణా శాఖనుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెప్పించుకోవడం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టడం లెక్కలో వేసుకుంటే మిగిలేది పెద్దగా లేదు. 2014 తరువాత హైదరాబాదు బండి కూడా మనకు పొరుగు రాష్ట్రపు బండే కనుక ఆ ఖర్చు దానికీ ఉంటుంది. చివరికి విజయవాడలో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర ఏపీ నంబరుతో, ఒకే యజమాని చేతిలో తిరిగిన ఈ బండి దొరికింది.

ఆ వ్యాపారి చెప్పిన మాటల్లో ఒకటి ఉంది. ‘‘టైమింగ్ కిట్టు ఈ మధ్యే మార్పించామండీ, మీరు లక్ష కిలోమీటర్ల దాకా చూసుకోనక్కరలేదు’’ అన్నాడు. ఇంజనులో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే రబ్బరు బెల్టు, దానితో పాటు మార్చే భాగాలు కలిపి ఈ కిట్టు. బిల్లు అడిగితే పాత యజమాని దగ్గర ఉందని, పంపిస్తానని అన్నాడు. నేను రెండుసార్లు ఫోను చేసి, తరువాత మొహమాటపడి ఊరుకున్నాను. ఆ మొహమాటం ఎంత దూరం వచ్చేదో తెలియడానికి ఏడాది పట్టింది.

2022 వేసవి చివర, రీడింగు 84 వేలకు చేరువలో ఉన్నప్పుడు, ఒక ఉదయం బండి తీస్తూంటే వాకిట్లో ముగ్గు పక్కన రూపాయి బిళ్ల అంత తడి కనబడింది. ఏసీ నీళ్లేమో అనుకున్నాను. మర్నాడు అదే చోట మళ్లీ ఉంది, వేలితో ముట్టుకుంటే జిగురుగా తగిలింది. కూలెంట్ డబ్బాలో మట్టం కొద్దిగా దిగింది. మా ఊళ్లో నమ్మకంగా చేసే మెకానిక్ ఒకరున్నారు, బండి అక్కడ పెట్టి వచ్చాను. సాయంత్రం ఆయనే ఫోను చేసి, ‘‘మాస్టారూ, ఒకసారి మీరే వచ్చి చూడాలండి’’ అన్నారు. వాటర్ పంపు కారుతోంది. ఈ ఇంజనులో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే కాబట్టి పంపు మార్చాలంటే బెల్టు కవరు విప్పక తప్పదు. ఆయన బెల్టు తీసి బల్లమీద పెట్టి, దాన్ని వెనక్కి వంచి చూపించారు. పళ్ల మొదళ్లలో ఎండిన చెరువు అడుగులా సన్నని నెర్రెలు వరుసగా విచ్చుకున్నాయి. కొత్త బెల్టు వీపు మీద తెల్లగా కనబడే అక్షరాల జాడ కూడా లేదు, ఆ వీపు నల్లగా నిగనిగలాడుతోంది. ‘‘ఇది ఈ మధ్య మార్చింది కాదండి. బండితో పాటు వచ్చిందే అయ్యుంటది. ఎవరైనా మారిస్తే ఇక్కడ కిలోమీటర్లు రాసి చీటీ అంటిస్తారు, అదీ లేదు’’ అన్నారాయన. పైగా కారిన కూలెంట్ ఒక అంచున పడి అక్కడ రబ్బరు మెత్తబడింది.

అది దారిలో తెగి ఉంటే సంగతి వేరే. ఈ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి, వాల్వులు వంగుతాయి, ఇంజను పైభాగమైన హెడ్డు విప్పాలి. ఆ ఖర్చు ఎంతవుతుందని అడిగితే ఆయన ముందు నా ముఖం చూసి, తరువాత అంకె చెప్పారు. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు కలిపి మార్చడానికి అయినదానికి అది కొన్ని రెట్లు ఉంది. డబ్బు మాట అటుంచి, ఆ పది నెలల్లో అదే బెల్టుతో పిల్లలను తీసుకుని శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వ్యాపారికి ఫోను చేస్తే, పాత యజమాని చెప్పిందే తాను చెప్పానని అన్నాడు, అది నిజమే కావచ్చు కూడా. విప్పిన బెల్టును నేను ఇంటికి తెచ్చుకుని గోడ మేకుకు తగిలించాను. సెకండ్ హ్యాండ్ బండి కొనబోతూ సలహాకు వచ్చినవారికి సస్పెన్షన్ కథకంటే ముందు దాన్ని వంచి చూపిస్తున్నాను. బిల్లు చూపించని టైమింగ్ కిట్టును మార్చనట్టే లెక్కగట్టి, ఆ ఖర్చును బండి ధరలోంచి ముందే తగ్గించుకోమంటున్నాను. మా మెకానిక్ లెక్క ప్రకారం కిట్టు మార్చే గడువు ఎనభై వేల కిలోమీటర్లు లేదా ఐదారేళ్లు, ఏది ముందైతే అది.

ఈ బండి తయారీ 2022లో ఆగిపోయింది, డీజిల్ అయితే 2020లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చినప్పుడే పోయింది. కొన్న కొత్తలో ‘సామాన్లు ఎక్కడ దొరుకుతాయి’ అని భయపెట్టని చుట్టం లేడు. ఇక్కడ మాత్రం నాకు అనుకోని మేలు జరిగింది. ఇదే 1.5 లీటర్ల డీజిల్ ఇంజను కుటుంబం నిస్సాన్ టెరానోలో, సన్నీలో, మహీంద్రా వెరిటోలో కూడా ఉంది. ఒకప్పుడు ట్యాక్సీలుగా తిరిగిన వెరిటోల పుణ్యమా అని మెకానిక్‌లకు ఈ ఇంజను చేతి అలవాటు. ఫిల్టర్లు, బెల్టులు, క్లచ్ సామాను రాజమహేంద్రవరంలోనే దొరికాయి. దొరకనివల్లా బాడీకి సంబంధించినవే. వెనక లైటు పగిలితే మూడు వారాలు ఎదురుచూసి, చివరికి పాత సామాన్ల దుకాణంలో రంగు వెలిసినది తెచ్చి బిగించాను. అది ఇప్పటికీ పక్కదానితో కలవదు.

సస్పెన్షన్‌కు ఖర్చే ఉండదని రెండో ఏడాది దాకా నేను ఢంకా బజాయించిన మాట నిజమే. ఆ తరువాత ముందు లింక్ రాడ్లు రెండుసార్లు, ఆర్మ్ బుష్‌లు ఒకసారి, లక్షా ఇరవై వేల దగ్గర నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్పించాను. మా రోడ్డుకు అది ఎక్కువేమీ కాదన్నారు మెకానిక్, నేనూ అదే అనుకుంటున్నాను. కాని మెత్తదనం ఊరికే రాలేదని ఒప్పుకోవాలి. ఈ బండి వచ్చాక నా నడుము నొప్పి తగ్గిందని కూడా చాలామందికి చెప్పాను. అదే ఏడాది డాక్టరు మాట విని రోజూ గోదారి కాలవ గట్టున నడక మొదలుపెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. పక్క అద్దాలు సరిచేసే మీట హ్యాండ్‌బ్రేకు కింద ఉంటుంది, నాలుగేళ్లయినా నా చెయ్యి దాన్ని తలుపు దగ్గరే వెతుకుతుంది. క్లచ్ నా కాలికి సరిపోయింది గాని నా భార్యకు బరువనిపించి, ఊళ్లో పనులకు ఆమె స్కూటరే తీస్తుంది.

ఒక్క విషయంలో ఎవరూ నా తువ్వాలు కథ చూసి మోసపోకూడదు. 2017లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని డస్టర్‌కు పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఉన్నదానికి మూడు వచ్చాయి. పాత బళ్లలో కింది రకాలకు ఎయిర్‌బ్యాగులు లేనివి తిరుగుతున్నాయి కాబట్టి రంగు, సీట్లు చూడకముందే ఇది చూడాలి.

నా ప్రయాణం రోజుకు అరవై కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఊరి బయట, దారి చెడ్డది, మెకానిక్ నడిచి వెళ్లేంత దగ్గర. ఈ నాలుగింటిలో రెండు మారినా నేను ఈ బండినే తీసుకోమని చెప్పగలనో లేదో తెలియదు. నగరంలో ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడేవారికి ఈ క్లచ్‌తో, ఈ డీజిల్‌తో పని లేదు, పెట్రోలు బండి ఏదైనా చూసుకోవచ్చు. మా దారిలో కూడా ఈ మధ్య కొంత మేర గుంతలు పూడ్చారు. అక్కడ నా పక్కనుంచి చిన్న కార్లు నాకంటే నిమ్మళంగా వెళ్లిపోతూంటే, కాస్త అసూయగానే ఉంటుంది. రెండో టైమింగ్ బెల్టు గడువు 1,64,000 దగ్గర ఉంది, అంటే ఇంకో ఏడు ఎనిమిది నెలలు. అది మార్పించి ఉంచుకోవాలో, మార్పించి అమ్మేయాలో అప్పటికి చూస్తాను. అమ్మితే మాత్రం బిల్లు ఆర్‌సీతో పాటే ఇస్తాను.